ఫోటోలో ఉన్నది మామయ్యగారేనా?

బెంగళూరు కె.ఆర్. పురం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 36, సొంతూరు మదనపల్లె దగ్గర ఒక పల్లె. ఆమె ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు, భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బాబు ఎనిమిదో తరగతి. మొన్న చైత్రంలో మామగారు గుండెపోటుతో పోయారు. అప్పటి నుంచి అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటున్నారు.

కార్తీక పౌర్ణమి రాత్రి ఎనిమిదిన్నరకు అత్తగారు డాబా మీద 365 వత్తులు వెలిగించారు. బాబు వాళ్ల నాన్న ఫోన్ తీసుకుని చందమామను మూడు ఫోటోలు తీశాడు. మర్నాడు చూస్తే రెండు ఫోటోల్లో చంద్రుడికి దూరంగా, ఆకాశంలో ఇంకో చిన్న గుండ్రటి వెలుగు ఉంది. ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగు. జూమ్ చేసి తీసిన మూడో దాంట్లో లేదు. ఆ రాత్రి డాబా మీద ఉన్నవాళ్లెవరికీ అది కంటికి కనిపించలేదు. పక్కింటాయన మాత్రం, "ఆ రాత్రి నేనూ చూశాను, ఒక లైటు మెల్లగా కదులుతూ పోయింది" అన్నారట.

అత్తగారు ఫోటో చూడగానే "మీ మామయ్యే, దీపం చూడ్డానికి వచ్చారు" అన్నారు. ఇంట్లో మామగారి ఫోటో అంటే ఆధార్ కార్డులోది పెద్దది చేయించి గోడకు పెట్టిందే. దాన్ని వదిలేసి ఈ వెలుగు ఫోటోనే ఫోన్‌లో పెట్టుకుని చూసుకుంటున్నారు. రెండు వారాలు ప్రశాంతంగా ఉన్నారు. తర్వాత ఊళ్లో ఆమె తమ్ముడికి తెలిసిన ఒకాయన ఆ ఫోటో చూసి, ఆత్మకు శాంతి లేదు, సంవత్సరీకం లోపలే హోమం చేయించాలి, 45 వేలు అవుతుందన్నాడు. ఇప్పుడామె తన గాజులు అమ్మి పెట్టమంటున్నారు. రాత్రిళ్లు నిద్ర లేదు. ఇటు బాబు స్కూల్లో అది గ్రహాంతరవాసుల వాహనమని చూపిస్తే, ఎడిటింగ్ చేశావని పిల్లలు ఏడిపించారు. భర్త అన్ని ఫోన్లలోంచీ ఆ ఫోటో తీసేయమని కేకలేస్తున్నారు. "ఇది ఏమిటో తేల్చాలా, వద్దా? తేలితే అత్తయ్యకు చెప్పాలా? చెబితే ఆమెకున్న ఒక్క ఊరటా పోతుందేమోనని భయం" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపినది ఆ వెలుగు కాదు, ఆ రెండు వారాలు. అదే ఫోటో మీ అత్తయ్యకు రెండు వారాలు నిద్ర పట్టించింది. తర్వాత అదే ఫోటో నిద్ర చెడగొట్టింది. ఫోటోలో ఏమీ మారలేదు. మధ్యలో ఒక మనిషి వచ్చి దానికి వేరే అర్థం చెప్పాడు, ధర కూడా చెప్పాడు. "ఆయన వచ్చారు" అన్నది ఆమె సొంత మాట. "ఆయనకు శాంతి లేదు" అన్నది ఆ మనిషి మాట. మొదటిదాని జోలికి మీరు వెళ్లక్కర్లేదని నా అభిప్రాయం. రెండోదాన్ని మాత్రం ఊరికే వదలకూడదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే మీకు ఇంత టెన్షన్.

ముందు ఫోటో సంగతి చూద్దాం, ఎందుకంటే అది మీరనుకున్నంత కష్టమైన పని కాదు. నాకు పంపిన కాపీలో చంద్రుడు పైన కుడివైపు ఉన్నాడు. వెలుగు కింద ఎడమవైపు ఉంది. ఈ ఒక్క విషయమే చాలా చెబుతోంది. ఫోన్ కెమెరాలో ఒక అద్దం (లెన్స్) కాదు, ఒకదాని వెనక ఒకటి చాలా అద్దాలుంటాయి. ఎదురుగా చంద్రుడో వీధిదీపమో లాంటి గట్టి వెలుగు ఉంటే అందులో కొంచెం ఆ అద్దాల మధ్యే తిరిగి తిరిగి వచ్చి ఫోటోలో ఇంకోచోట పడుతుంది. చాలాసార్లు సరిగ్గా ఎదురు మూలన, ఫోటో నడిమధ్యకు అవతల అంతే దూరంలో పడుతుంది. అద్దాలకు వేసే పూత వల్ల ఆకుపచ్చగానో నీలంగానో ఉంటుంది. మీ బాబు జూమ్ చేసినప్పుడు అది మాయమైంది. జూమ్‌లో ఫోన్ వేరే కెమెరాకు మారి ఉండొచ్చు, లేదా ఆ వెలుగు పడే చోటు ఫోటో అంచు దాటి బయటికి పోయి ఉండొచ్చు. పైగా కంటికి ఎవరికీ కనిపించలేదు. ఇవన్నీ కలిపితే ఇది చంద్రుడి ప్రతిబింబమేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. అయినా ఒరిజినల్ చూడకుండా ఖాయమని చెప్పను. మీరే తేల్చుకోవచ్చు.

వాట్సాప్‌లో తిరిగిన కాపీ ఇందుకు పనికిరాదు. వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది, ఎప్పుడు ఎలా తీశారన్న వివరాలు చెరిపేస్తుంది. మీ వారి ఫోన్‌లో ఉన్న అసలు ఫైలు కావాలి. అంచులు కత్తిరించనిది. దాన్ని కాగితం మీద ప్రింట్ తీసి, బాబు చేత స్కేలుతో మూల నుంచి మూలకు రెండు గీతలు గీయించండి. అవి కలిసేచోటు ఫోటో నడిమధ్య. చంద్రుడి నుంచి ఆ మధ్య బిందువు మీదుగా గీత లాగి అవతల అంతే దూరం కొలవమనండి. వెలుగు అక్కడే ఉంటే సగం పని అయిపోయినట్టే. రెండో ఫోటోలో చంద్రుడు వేరేచోట ఉంటే వెలుగు కూడా దానికి తగ్గట్టు జరిగి ఉండాలి. ఆకాశంలో నిజంగా ఉన్న వస్తువైతే చంద్రుడితో పాటు ఒకే వైపుకు జరుగుతుంది. అద్దంలోదైతే చంద్రుడు ఇటు జరిగితే అది అటు జరుగుతుంది.

ఆ తర్వాత డాబా మీదకు వెళ్లి మళ్లీ పుట్టించి చూడాలి. అదే ఫోన్, అదే కెమెరా. పౌర్ణమి దాకా ఆగక్కర్లేదు, నిజానికి అష్టమి నాడు చేస్తే ఇంకా మంచిది. ఫోన్ ఫోటోలో చంద్రుడు వెలుగు ఎక్కువై ఉత్త తెల్ల ముద్దగా పడతాడు. కానీ ఆ ప్రతిబింబం మసకగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు చంద్రుడి అసలు ఆకారం అందులోనే కనిపిస్తుంది, తలకిందులుగా. పౌర్ణమి నాడు తీశారు కాబట్టి మీకది గుండ్రంగా వచ్చింది. సగం చంద్రుడు ఉన్నరోజు తీస్తే ఆ చిన్న వెలుగు కూడా సగమే ఉంటే ఇక అనుమానానికి చోటు లేదు. సూర్యగ్రహణం రోజు జనం తీసిన ఫోటోల్లో పక్కన చిన్న నెలవంక లాంటి వెలుగు పడేది ఇందుకే. ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఫోటో తీసే ముందు తెర మీద ఆ వెలుగు కనిపిస్తుండగానే, చంద్రుడు నీళ్ల ట్యాంకు స్తంభం చాటుకు వచ్చేలా ఒక అడుగు పక్కకు జరగండి. చంద్రుడు దాగగానే అది కూడా ఆరిపోతే అది ఆకాశంలోది కాదు.

ఫోటోగ్రాఫర్లు ఈ ప్రతిబింబాన్ని 'ఘోస్ట్' అంటారు, అంటే దయ్యం. మీ ఇంట్లో ఆ మాట వాడకండి. బాబు ఇంటర్నెట్‌లో వెతికితే మొదట అదే పదం కనిపిస్తుంది, ముందే చెప్పి ఉంచండి.

ఒకవేళ వెలుగు ఆ గీత మీద పడలేదనుకోండి. అప్పుడు ఆకాశం వైపు చూడాలి. కార్తీక పౌర్ణమి రాత్రి ఎనిమిదిన్నరకు చంద్రుడు తూర్పునే ఉంటాడు కాబట్టి మీ ఫోటో తూర్పు దిక్కుది. ఆ దిక్కున ఆ వేళ శుక్రుడు ఉండే అవకాశం లేదు. శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీలకు మించి దూరం పోడు, సాయంత్రం కనిపిస్తే పడమటే కనిపిస్తాడు. గురుడు కావచ్చు. స్టెల్లేరియం అనే ఉచిత యాప్‌లో మీ ఊరు, ఆ తేదీ, ఆ టైము పెడితే ఆ రాత్రి ఆకాశం మళ్లీ చూపిస్తుంది. విమానం కావచ్చు. మీ వైపు హెచ్.ఎ.ఎల్. రన్‌వే దగ్గరే, దేవనహళ్లి విమానాలూ తిరుగుతుంటాయి. ఎదురుగా వచ్చే విమానం లైటు కొన్ని నిమిషాలు కదలనట్టే ఉంటుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో పోతుంది. మిణుకుమనకుండా ఐదారు నిమిషాల్లో ఆకాశం దాటేస్తుంది. ఏ రోజు ఏ టైముకు పోయిందో హెవెన్స్-అబోవ్ అనే సైట్‌లో పాత తేదీలకు కూడా చూడొచ్చు. డ్రోన్లు, ఆకాశదీపాలు, ఎల్ఈడీ కట్టిన గాలిపటాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇవన్నీ చూశాక కూడా ఏదీ కుదరకపోతే "మాకు తెలియలేదు" అని నోట్‌బుక్‌లో రాసుకోండి. తెలియలేదు అంటే ఇక ఆత్మో, గ్రహాంతరవాసులో అని అర్థం కాదు. తెలియలేదు, అంతే.

పక్కింటాయన చూసింది వేరే కథ. ఆయన చూసిన లైటు కదిలింది, కంటికి కనిపించింది. మీ ఫోటోలోది కంటికి కనిపించలేదు. రెండూ ఒకే రాత్రివి కాబట్టి ఒకటే అని అందరూ కలిపేశారు. ఆయన్ని మర్యాదగా అడగండి: ఎన్నింటికి, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు, మిణుకుమందా, ఎంతసేపు. ఆయన అబద్ధం చెప్పారని కాదు. ఆయన చూసినదాన్ని ఆయన లెక్కలోనే తేల్చాలి.

బాబు గురించి నాకు చాలా పట్టింపుగా ఉంది. పదమూడేళ్ల పిల్లాడు ఒక వింత చూశాడు, నలుగురికీ చెప్పాడు, అబద్ధాలకోరు అనిపించుకున్నాడు. ఇంట్లో నాన్న డిలీట్ చేయమంటున్నాడు. వాడికి ఇప్పుడు కావలసింది తను మోసం చేయలేదని ఒక్కరైనా అనడం. అద్దంలోని ప్రతిబింబమే అని తేలినా ఆ మాట అనొచ్చు, ఎందుకంటే వాడు ఎడిటింగ్ చేయలేదు. ఫోటో నిజం, వెలుగు నిజం, అది ఉన్న చోటు గురించి మాత్రమే పొరపాటు పడ్డాడు. ఆ పొరపాటు మహా మహా వాళ్లే పడ్డారని వాడికి చెప్పండి. 2012, 2013ల్లో లడఖ్ సరిహద్దులో మన సైనికులు నెలల తరబడి ఆకాశంలో వెలుగులు చూసి పరాయి దేశపు డ్రోన్లేమోనని నమోదు చేశారు. వాటిని తేల్చింది మీ బెంగళూరు కోరమంగళలో ఉన్న భారతీయ ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలే. ఒకటి గురుడు, ఇంకోటి శుక్రుడు. ఆ సైనికుల్ని ఎవరూ అబద్ధాలకోరులనలేదు. వాళ్లు చూసింది చూసినట్టు, టైముతో సహా రాసిపెట్టారు కాబట్టే తేల్చడం కుదిరింది.

ఎదురు కథ కూడా ఉంది, అదీ చెప్పండి, లేకపోతే ఫోటోలో కనిపించేదంతా ఉత్తదేనని వాడనుకుంటాడు. చెన్నైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన వేణు బప్పు 1949లో హార్వర్డ్‌లో చదువుకుంటూ, తను తీసిన ఫోటో ప్లేటు మీద ఉండకూడని ఒక మచ్చ చూశాడు. అది మచ్చ కాదు, కొత్త తోకచుక్క. ఆయన ప్రొఫెసర్ బోక్, తోటి విద్యార్థి న్యూకిర్క్ కలిసి సరిచూశారు. ఆ తోకచుక్కకు ముగ్గురి పేర్లూ పెట్టారు. తమిళనాడు కావలూరులో ఉన్న అబ్జర్వేటరీకి ఇవాళ ఆయన పేరే. బాబు ఆసక్తి నిలిస్తే ఒక ఆదివారం చౌడయ్య రోడ్డులోని నెహ్రూ ప్లానెటేరియంకు తీసుకెళ్లండి. ఫోటో, గీతలు గీసిన కాగితం, అష్టమి నాటి ఫోటో తీసుకెళ్లి చూపించమనండి. క్లాసులో కూడా అవే చూపిస్తే సరిపోతుంది. గ్రహాంతరవాసుల మీద వాడి ఇష్టాన్ని వెక్కిరించకండి. నాసా వేసిన నిపుణుల బృందం కూడా 2023 సెప్టెంబరులో ఇలాంటి వింత వెలుగుల మీద నివేదిక ఇచ్చింది. వేరే లోకాల నుంచి వచ్చాయనడానికి ఆధారం దొరకలేదని, మంచి సమాచారం లేకపోవడమే పెద్ద చిక్కని చెప్పింది. మీ వాడి దగ్గర ఒరిజినల్ ఉంది, టైము ఉంది, అదే డాబా అదే ఫోన్ ఉన్నాయి. చాలామంది దగ్గర ఇవి ఉండవు.

ఇక అత్తయ్య. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మీ వారు చెప్పినట్టు అన్నీ తీసేయడం ఒకటి. అత్తయ్య ఫోన్‌లోంచి ఆమెకు తెలియకుండా తీస్తే, భర్త ఆఖరిసారి వచ్చిన గుర్తు కూడా కొడుకూ కోడలూ లాగేసుకున్నారని ఆమె అనుకుంటుంది. ఊళ్లో తమ్ముడి ఫోన్‌లో ఎలాగూ ఉంటుంది. హోమం మాట ఆగదు. ఈ దారి నాకు నచ్చలేదు.

తేల్చి, మీలో మీరే ఉంచుకోవడం రెండోది. గాజుల మాట లేకపోతే నేనూ ఇదే చెప్పేదాన్ని. ఆమె ఊరటకు మనం సాక్ష్యాలు అడగనవసరం లేదు. కానీ ఇప్పుడు మౌనంగా ఉంటే 45 వేలు పోతాయి, అది చేశాక ఇంకోటి చేయాలంటారు. పైగా బాబుకు తెలిసి నానమ్మకు తెలియకుండా దాచడం వాడికి కష్టం. ఏదో ఒకరోజు వాడి నోట వింటే ఆమెకు ఇంకా బాధ.

ఆమెనూ డాబా మీదకు తీసుకెళ్లడం మూడోది. నాకు మొగ్గు ఇటే, కాకపోతే తొందర వద్దు. ముందు మీరూ బాబూ తేల్చుకోండి. తర్వాత ఏదో ఒక సాయంత్రం, బంధువులెవరూ లేనప్పుడు, "నానమ్మా, ఆ వెలుగు నేను మళ్లీ తెప్పిస్తాను చూడు" అని వాడే చూపించొచ్చు. "నువ్వనుకున్నది తప్పు" అనే మాట ఎవరి నోటా రాకూడదు. ఆమె ఏడవొచ్చు. కొన్నాళ్లు మీతో ముభావంగా ఉండొచ్చు. అదీ ఈ దారిలో ఉన్న నష్టమే, ముందే తెలిసి ఉండండి. "అయినా మీ మామయ్యే ఆ రోజు అలా కనిపించేట్టు చేశారు" అంటే అక్కడితో వదిలేయండి. ఆ మాటతో ఎవరికీ నష్టం లేదు. ఆమె సూటిగా "నిజం చెప్పు, ఆయన కాదా?" అని అడిగితే మాత్రం అబద్ధమాడకండి. "ఫోటోలోది చంద్రుడి వెలుగే అత్తయ్యా. మామయ్య మిమ్మల్ని చూస్తున్నారా లేదా అన్నది ఫోటో చెప్పలేదు" అనండి. నాకు తెలిసినంతలో అది నిజమే.

హోమం సంగతి ఫోటో తేలేదాకా ఆపక్కర్లేదు. ప్రతి నెలా మాసికం పెట్టించే మీ పురోహితుడు ఉంటారు కదా, అత్తయ్యను ఆయన దగ్గరకు తీసుకెళ్లి ఆమె చేతే అడిగించండి: జరగాల్సినవన్నీ సరిగా జరుగుతున్నాయా, ఏమైనా లోటుందా అని. మీరు చెబితే కోడలి పిసినారితనం అవుతుంది. ఆయన చెబితే ఆమె మనసుకు ఎక్కుతుంది. అయినా వినకపోతే గాజులు ఇప్పుడు అమ్మొద్దు, సంవత్సరీకం అయ్యాక మాట్లాడుకుందాం అని గడువు అడగండి. ఆత్మశాంతికి తొందరపెట్టేవాళ్లు గడువు ఇవ్వరు, అది మీ అత్తయ్య కూడా గమనిస్తుంది. ఇవన్నీ జరుగుతున్నా నిద్ర, తిండి తగ్గుతూనే ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నిమ్హాన్స్ మానసిక వైద్యశాల మీ ఊళ్లోనే ఉంది.

మీ వారి గురించి మీరు రెండే వాక్యాలు రాశారు: కేకలేస్తున్నారు, తండ్రి పోయినప్పుడు కూడా ఏడవలేదు అని. ఆ రెండూ పక్కపక్కనే రాశారు, అందుకే చెబుతున్నా. ఆ ఫోటో ఆయన్ని కూడా కదిలిస్తోందేమో. మూఢనమ్మకం మీద కోపం ఒక్కటే అయితే ఇంత గట్టిగా అరవరు. ఆయన్ని డాబా పరీక్షకు బలవంతంగా రమ్మనకండి, ఫోన్ మాత్రం అడగండి. వస్తే టార్చి పట్టుకోమనండి.

ఆయనకు వేరే పని ఒకటి ఉంది, అది ఆయనే చేయగలరు. ఇంట్లో మామయ్యగారి ఫోటో అంటే ఆధార్ కార్డులోదేనన్నారు. ఆ మొహంలో మీ అత్తయ్యకు భర్త కనిపించట్లేదు, అందుకే వెలుగును చూసుకుంటోంది. ఊళ్లో ఎవరి పెళ్లి ఆల్బమ్‌లోనో, ఆడపడుచు పెళ్లి వీడియోలోనో ఆయన ఉంటారు. పందిట్లో ఎవరినో పిలుస్తూ, వడ్డన దగ్గర నిలబడి, కండువా సరిచేసుకుంటూ. పాత క్యాసెట్టు అయినా బెంగళూరులో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లున్నారు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీ వారిని నాలుగిళ్లు తిరిగి అవి అడిగి తెమ్మనండి. సంవత్సరీకం రోజు గోడ మీద పెట్టడానికి అందులోంచి ఒక మంచి ఫోటో మీ అత్తయ్యనే ఎంచుకోమనండి.